పొరపాటున మోగిన హారన్

మా ఊళ్ళో గోలు పడితే ఎవరూ చప్పట్లు కొట్టరు, హారన్లు కొడతారు. మైదానం చుట్టూ తెల్ల కంచె ఉంటుంది. ఆ కంచెకు ముక్కులు ఆనించినట్టు వరసగా బళ్ళు, బళ్ళలో దుప్పట్లు కప్పుకుని మనుషులు. చలికాలం శనివారం మధ్యాహ్నం మా బెరిన్యాలో ఎవరింటి తలుపు తట్టినా లాభం లేదు, కుక్క తప్ప ఎవరూ పలకరు. మా జట్టు గోలు కొట్టిందంటే ఇటువైపు బళ్ళన్నీ ఒక్కసారిగా అరుస్తాయి. పైఊరి జట్టు కొడితే అటువైపు ఆపుకున్న వాళ్ళ బళ్ళు అరుస్తాయి. ఆ ఏడు మాకు వినిపించిందంతా అటువైపు అరుపే.

ఆ ఏడు మేం ఒక్క ఆటా గెలవలేదు. అయినా ఆ చలికాలం డైరీ ఇప్పుడు తిరగేస్తుంటే ఏడుపు రాదు. అక్కడక్కడా నవ్వొస్తుంది కూడా.

నాన్న కోచ్ అయింది ఆ ఏడే. కప్పు గెలిచిన పాత ఆటగాళ్ళంతా ఒకరి వెంట ఒకరు మోకాళ్ళు పట్టుకుని తప్పుకున్నారు. ఇంకొందరు గెలిచే ఊళ్ళకి వెళ్ళిపోయారు. జట్టుని మళ్ళీ పునాది నుంచి కట్టాలని క్లబ్బు పెద్దలు తీర్మానించారు. కట్టేదెవరు అనేసరికి అందరూ తమ బూట్ల వైపు చూసుకున్నారట. నాన్న ఒక్కడే తలెత్తి ఉన్నాడు. అలా దొరికిపోయాడు.

అది గోధుమ విత్తనాలు వేసే సమయం. నాన్న, తాత పొలం నుంచి దుమ్ము కొట్టుకుని వచ్చి, చేతులు మాత్రం కడుక్కుని భోజనానికి కూర్చునేవాళ్ళు. ఆ వారంలోనే ఒక సాయంత్రం మా అన్న రోరీ పళ్ళెంలోకి చూస్తూ, "ఈ ఏడు నేను గిల్మోర్‌కి ఆడుతున్నా" అన్నాడు.

గిల్మోర్ అంటే మా పక్క ఊరు. వరసగా కప్పులు గెలుస్తున్న ఊరు. మా ఊళ్ళో చిన్నపిల్లలు అన్నం తిననని మారాం చేస్తే గిల్మోర్‌కి ఇచ్చేస్తామని బెదిరిస్తారు.

అమ్మ బఠాణీల గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాల్ తాత వినపడనట్టు రొట్టె తుంచుకుంటున్నాడు. ఆయన చెవులకేం తక్కువ లేదు, కావలసినప్పుడు మూసుకుంటాడు అంతే.

"ఎప్పుడనుకున్నావ్?" అన్నాడు నాన్న.

"పోయిన నెలే మాటిచ్చా."

"నేను కోచ్‌గా ఒప్పుకుంది మొన్న."

"నువ్వొప్పుకుంటావని నేనేమైనా కలగన్నానా నాన్నా?"

"ఎవడూ ఒప్పుకోకపోతే ఒప్పుకున్నా."

"నాకు ఇరవై ఏళ్ళొచ్చాయి. గెలిచే జట్టులో ఒక్క ఏడైనా ఆడాలనుంది. ఇక్కడ నా పక్కన ఆడేవాళ్ళకి ఇంకా గడ్డాలే రాలేదు."

"గడ్డాలొచ్చినవాళ్ళంతా వెళ్ళిపోతే రానివాళ్ళతోనే ఆడాలి మరి."

"అంటే నేను చేసింది తప్పంటావా?"

"నేనేమన్నా అన్నానా? ఆ ఉప్పు ఇటియ్యి."

రోరీ ఉప్పు సీసా ఇచ్చాడు. ఆ చలికాలమంతా వాళ్ళిద్దరి మధ్య జరిగిన ఆఖరి ఇచ్చిపుచ్చుకోవడం అదే. వారం తిరక్కుండానే రోరీ గిల్మోర్‌లో టైర్ల కొట్లో పనికి కుదిరి, అక్కడే స్నేహితులతో ఉండటానికి మూటాముల్లె సర్దుకున్నాడు. భోజనాల బల్ల దగ్గర వాడి కుర్చీ మీద అమ్మ ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు పెట్టడం మొదలుపెట్టింది. ఖాళీగా కనపడకూడదని. మేం ముగ్గురం, ఒక బట్టల గుట్ట, ఎదురుగా తాత. అలా తినేవాళ్ళం.

నాకు కప్పులూ గెలుపులూ అక్కర్లేదనిపించేది. ఆ బట్టలు ఆ కుర్చీ మీంచి దిగితే చాలు. కానీ ఆ మాట పైకి అనే నోరు నాకు లేదు. బడిలో హాజరు పలికినా టీచరు రెండోసారి అడిగేది, వచ్చావా రాలేదా అని.

*

మైదానంలో నా పని స్కోరు బోర్డు. ఒక చివర, ఎత్తు గుంజల మీద రేకుల గది. నిచ్చెనెక్కి లోపలికి వెళ్తే చిన్న చిన్న కిటికీలు, వాటికి కొక్కేలు. గోలు పడగానే రేకు అంకెలు మార్చి తగిలించాలి. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, అందరూ నావైపే చూస్తారు కానీ నేను కనపడను. దేవుడు నాకోసమే చేయించిన ఉద్యోగం.

పైనుంచి నాకు అన్నీ కనిపించేవి. అన్నిటికన్నా ముందు, మిరియాల్లాంటి గింజలు కాస్తుందని మేం మిరియాల చెట్టు అనే పెద్ద చెట్టు కింద తాత పాత పికప్ బండి. మా ఊళ్ళో ప్రతి ఇంటికీ కంచె దగ్గర ఒక చోటుంటుంది, ఇంకొకరు అక్కడ బండి ఆపరు. ఆ చెట్టు కింద చోటు తాతది, తాత వాళ్ళ నాన్నది. ఆ బండి హారన్‌కి గొంతు బొంగురు, తప్పిపోయిన దూడ అరిచినట్టుంటుంది. ఎన్ని హారన్ల మధ్యనైనా గుర్తుపట్టొచ్చు. దానికి తాత పెట్టిన నియమాలున్నాయి. మా ఫుట్‌బాల్‌లో రెండు చివర్లా నాలుగేసి గుంజలుంటాయి. నడిమి గుంజల మధ్య పడిన గోలుకి, అంటే ఆరు పాయింట్లకి మాత్రమే కొడతాడు. పక్క గుంజల మధ్య పడి ఒక్క పాయింటు వస్తే కొట్టడు. "గురి తప్పినవాడికి ఊరేగింపా?" అంటాడు.

ఏప్రిల్లో జరిగిన మొదటి ఆటలో ఆ దూడ ఒక్కసారే అరిచింది. అవతలివాళ్ళు గోలు మీద గోలు కొడుతుంటే అంకెలు మార్చలేక నా వేళ్ళు వాచిపోయాయి. చివరికి ఒక చిక్కొచ్చి పడింది. వందల కొక్కేనికి మా దగ్గర ఉన్నది 'ఒకటి' రేకు మాత్రమే. రెండు వందలు దాటే జట్టు మా మైదానానికి వస్తుందని ఏ పెద్దమనిషీ ఊహించలేదు. కిందికి వంగి చూస్తే క్యాంటీన్ నడిపే బెవ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏమైందే నెల్, బోర్డు ఆగిపోయింది?"

"రెండు లేదు," అన్నాను.

"ఏం లేదూ?"

"రెండు. వందల రెండు."

బెవ్ ఆటవైపు చూసింది, బోర్డువైపు చూసింది, నిట్టూర్చి లోపలికెళ్ళింది. సాసేజ్‌లు వచ్చిన అట్టపెట్టె మూత చింపి, దాని మీద టమాటా సాసుతో ఇంత పెద్ద రెండు వేసి పట్టుకొచ్చింది. తగిలించాను. కాసేపటికే దాని మీద ఈగలు ముసిరాయి.

నాలుగో క్వార్టర్, అంటే ఆఖరి పావు ఆట, మొదలయ్యేసరికి మా వైపు బళ్ళు సగం వెళ్ళిపోయాయి. ఉన్నవాళ్ళలో స్నో మోరిసన్ ఒకడు. తెల్లజుట్టు ముసలాయన, నోరు మాత్రం పదునే. తాత బండి కిటికీ దగ్గరకొచ్చి, "వాల్, నీ బండి బ్యాటరీకి ఈ ఏడు ఢోకా లేదోయ్. వాడకమేదీ!" అన్నాడు.

"ఒరే స్నో, నీ నోటికి కూడా అలా కాస్త విశ్రాంతినివ్వు, పదేళ్ళు ఎక్కువ బతుకుతుంది," అన్నాడు తాత.

క్వార్టర్ల మధ్య విరామంలో మా ఊళ్ళో ఎవరైనా మైదానంలోకి నడిచి వెళ్ళి కోచ్ చెప్పేది వినొచ్చు. ఆ రోజు నాన్న చుట్టూ ఆటగాళ్ళు కాక ఉన్నది అమ్మ, బెవ్, ఒక కుక్క. గులాబీ బూడిద చారల జెర్సీలలో ఆ పిల్లలు వానలో తడిసిన మా ఊరి గులాబీ చిలకల్లా ఉన్నారు. అందరిలో పొడుగ్గా ఉన్న ఓటిస్ అనే కుర్రాడు ఏడుపు దాచుకోవడానికి మొహానికి టవల్ కప్పుకున్నాడు. బోర్డు మీది నుంచి నాకు నాన్న మాటలు వినపడలేదు. ఆయన వంగి ఓటిస్ బూటు లేసు కట్టడం మాత్రం కనపడింది.

*

వానలు పడ్డాయి. గోధుమ మొలిచింది. మేం ఓడిపోతూనే ఉన్నాం.

గురువారం సాయంత్రాలు సాధన ఉండేది. అమ్మ పెద్ద డేగిశా నిండా గుమ్మడి సూపు చేసి క్లబ్బుకి తీసుకెళ్ళేది. పిల్లలు దీపాల కింద బురదలో పొర్లి వచ్చి, మగ్గుల్లో ఆవిరి ఊదుకుంటూ తాగేవాళ్ళు. మొదట్లో ఎవరి మగ్గుతో వాళ్ళు మూలల్లో కూర్చునేవాళ్ళు. మాకు చలి ముదిరే జూన్ వచ్చేసరికి ఒకడి తల మీద ఒకడు టవల్‌తో కొట్టుకుంటూ బల్లలన్నీ కలిపేసుకున్నారు. ఓడిపోయేవాళ్ళకి ఇంత గోలేమిటని స్నో విసుక్కున్నాడు, ఆ విసుక్కోవడానికని ప్రతి గురువారం తప్పకుండా వచ్చి రెండు మగ్గులు తాగాడు.

నాన్న వాళ్ళని గెలవమని ఎప్పుడూ అనేవాడు కాదు. "ఈ క్వార్టర్లో ఒక్క గోలు," అనేవాడు. అది కొడితే, "తర్వాతి దాంట్లో రెండు," అనేవాడు.

ఊరికి అంత ఓపిక లేదు. కిరాణా కొట్లో ఒకాయన నన్ను చూడకుండా అనేశాడు, "సొంత కొడుకునే ఆపుకోలేనివాడు జట్టునేం కడతాడు?" అని. చూశాక చాక్లెట్ ఇచ్చాడు. నేను తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో ఆయనకి అర్థమయ్యేలా నిలబడటం కూడా నాకు చేతకాలేదు, బయటికి వచ్చేశాను.

అమ్మ ఆదివారాలు రోరీకి ఫోన్ చేసేది, నాన్న గొర్రెల దగ్గరికి వెళ్ళాక. దాచిపెట్టి కాదు, అలాగని ఎదురుగానూ కాదు. నాన్న వాడి పేరెత్తేవాడు కాదు. కానీ బుధవారం మా జిల్లా పత్రిక వచ్చేది. దాన్ని నేను చదివేసరికి గిల్మోర్ ఆటల వార్త ఉన్న పేజీ మీద టీ కప్పు అడుగు గుండ్రంగా ముద్రపడి ఉండేది. మా ఇంట్లో టీ కప్పు నిండుగా పోసుకుని ఒలకబోసుకునేది నాన్న ఒక్కడే.

*

జూలైలో గిల్మోర్ మా ఊరికి ఆడటానికి వచ్చింది.

పొద్దుటి నుంచి అమ్మ సాసేజ్ రోల్స్ మాడ్చేస్తోంది. "రోసలీ, నువ్వెళ్ళి కూర్చో తల్లీ, లేకపోతే ఇవాళ ఊరంతా బొగ్గులు తింటుంది," అని బెవ్ ఆవిడ చేతిలోంచి పట్టకారు లాక్కుంది. నాన్న తన పిల్లల మధ్య ఉన్నాడు. నీలం జెర్సీలో రోరీ బస్సు దిగి, మైదానం అంతా చూసి, మా వైపు మాత్రం చూడకుండా లోపలికి వెళ్ళాడు. వాడి మెడ వెనక ఎర్రబడటం నాకు పైనుంచి కూడా కనిపించింది. మా ఇంట్లో అందరికీ సిగ్గు మెడ వెనకే పూస్తుంది.

ఆట మొదలైంది. అనుకున్నట్టే గిల్మోర్ ముందుకెళ్ళింది, కానీ ఏప్రిల్లో జరిగినట్టు కాదు. మా పిల్లలు కిందపడి లేస్తున్నారు. ఓటిస్ రెండు గోల్స్ కొట్టాడు. దూడ రెండుసార్లు అరిచింది.

మూడో క్వార్టర్లో బంతి మిరియాల చెట్టు వైపుకి ఎత్తుగా లేచింది. దానికింద నలుగురు గుంపుగా ఎగిరారు. అందరికన్నా పైకి లేచి, ఒకరి భుజం మీద మోకాలు మోపి, గాల్లోనే బంతిని పట్టుకున్నవాడు రోరీ. అలా పట్టుకున్నవాడికి ఆగి, తీరిగ్గా తన్నే హక్కుంటుంది. కానీ వాడున్నది కంచె పక్కన, తాత బండికి సరిగ్గా ఎదురుగా. అక్కణ్ణుంచి గుంజలు ఒకదాని వెనక ఒకటి నక్కినట్టుంటాయి, మధ్యలో సందే కనిపించదు. మైదానమంతా నిశ్శబ్దమైపోయింది. రోరీ సాక్సు పైకి లాక్కున్నాడు. చిన్నప్పటి నుంచీ అంతే, ముందు ఎడమది, తర్వాత కుడిది. పరిగెత్తాడు. తన్నాడు. బంతి తప్పిపోతున్నట్టే వెళ్ళి, ఆఖర్న మనసు మార్చుకున్నట్టు వంపు తిరిగి, నడిమి గుంజల మధ్య పడింది.

దూడ అరిచింది.

పొడుగ్గా, గట్టిగా, మా వైపు బళ్ళన్నీ నోరు మూసుకుని ఉన్న ఆ నిశ్శబ్దంలో, తాత బండి ఒక్కటే గిల్మోర్ గోలుకి హారన్ కొట్టింది.

అటువైపు గిల్మోర్ బళ్ళు కూడా తమ హారన్లు మరిచిపోయి ఒక్క క్షణం ఆగాయి. నా చేతిలో రేకు అంకె అలాగే ఉండిపోయింది. తాత రెండు చేతులూ స్టీరింగు మీంచి తీసి, కాలిన పెనం ముట్టుకున్నవాడిలా గాల్లో పట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఆ మైదానంలోనే పుట్టి పెరిగినట్టున్న మనిషి.

"వాల్!" అని ఎక్కడి నుంచో స్నో గొంతు. "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయావా, మతి మర్చిపోయావా?"

నేను నాన్న కోసం చూశాను. ఆయన కంచె దగ్గర మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. ఆయన తలెత్తాడు. నవ్వుతున్నాడు. శబ్దం లేకుండా, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఏప్రిల్ నుంచి నవ్వని నవ్వంతా ఒక్కసారే నవ్వుతున్నాడు.

క్వార్టర్ అయిపోయాక పిల్లల దగ్గరికి వెళ్తూ బండి కిటికీ దగ్గర ఆగాడు. నేను అంకెల సంచి కిందపడితే ఏరుకోవడానికి దిగాను కాబట్టి విన్నాను.

"గారెత్, నా చెయ్యి..." అని తాత మొదలుపెట్టాడు.

"బాగా కొట్టాడు," అన్నాడు నాన్న. అని వెళ్ళిపోయాడు.

ఆట అయ్యాక రోరీ గిల్మోర్ వాళ్ళతో పోకుండా నేరుగా బండి దగ్గరికి వచ్చాడు. "తాతా, థాంక్స్," అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

"నీకోసం కాదురా. చెయ్యి జారింది. పో అవతలికి, జనం చూస్తున్నారు."

రోరీ తలెత్తి మైదానం అవతలికి చూశాడు. నాన్న కూడా ఇటే చూస్తున్నాడు. ఇద్దరూ అలా ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత నాన్న బంతుల సంచి భుజాన వేసుకుని లోపలికి వెళ్ళాడు. రోరీ బస్సెక్కాడు. ఇంటికొచ్చాక చూస్తే బట్టల గుట్ట కుర్చీ మీదే ఉంది.

*

ఆ హారన్ కథ జిల్లా అంతా పాకింది. గిల్మోర్ లారీలు మా ఇంటి ముందు నుంచి వెళ్తూ హారన్ కొట్టి పోయేవి. తాత కిటికీ తెర లాగేసేవాడు. గురువారం క్లబ్బులో సూపు తాగుతున్నవాళ్ళ మధ్య లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఆటగాడు తప్పు చేస్తే ఏం చేస్తాం? సస్పెండ్ చేస్తాం. నన్ను నేను ఒక ఆటకి సస్పెండ్ చేసుకుంటున్నా. వచ్చే శనివారం నా బండి అటువైపు ఆపుతా."

అందరూ వద్దన్నారు. స్నో ఒక్కడే, "రెండు ఆటలు వెయ్యండి," అన్నాడు. తాత మాట మీద నిలబడ్డాడు. శనివారం మిరియాల చెట్టు కింద ఖాళీ. అక్కడ ఎవరూ బండి పెట్టలేదు, తెలియక పెట్టబోయిన ఒకణ్ణి బెవ్ చీపురు పట్టుకుని తరిమింది. తాత బండి అటువైపు, పరాయి బళ్ళ మధ్య, తలవంచుకుని నిలబడింది. మొదటి క్వార్టర్లో ఓటిస్ గోలు కొట్టగానే ఆ పరాయి బళ్ళ మధ్య నుంచి దూడ ఒక్కసారిగా అరిచింది. పక్క బండిలో ఎవరో వేడి టీ ఒళ్ళో ఒంపుకున్నారట. మా పిల్లలు పరుగాపి మరీ అటువైపు చేతులూపారు.

అప్పటినుంచి జనం ముందుగా వెళ్ళిపోవడం మానేశారు. ఎందుకో నాకు తెలియదు. విరామాల్లో నాన్న చుట్టూ నిలబడేవాళ్ళు వారవారం పెరిగారు.

ఆఖరి ఆట ఆగస్టు నెలాఖర్న. పొలాల్లో ఆవాల్లాంటి నూనెపంట కనోలా పూసి ఊరి చుట్టూ పచ్చటి పసుపు. గిల్మోర్ అప్పటికే ఫైనల్ చేరుకుంది, వాళ్ళకి ఆ వారం ఆట లేదు. రెండో క్వార్టర్లో గేటు దగ్గర రోరీ కారు కనిపించింది. లోపలికొచ్చి ఆగింది. ఎటు తిప్పాలో తెలియనట్టు అక్కడే నిలబడింది. మిరియాల చెట్టు కింద తాత బండి ఎడమ తలుపు తెరుచుకుంది. తాత దిగలేదు, పిలవలేదు. తలుపు తెరిచి పెట్టాడు అంతే. రోరీ కారు గేటు పక్కనే వదిలేసి, నడిచి వచ్చి, బండెక్కి తలుపు వేసుకున్నాడు.

మూడు క్వార్టర్లు అయ్యేసరికి మేం ముందున్నాం. ముందున్నామని బోర్డు మీద తగిలించింది నేనే అయినా నాకు నమ్మకం కుదరక కూడిక మళ్ళీ వేసుకున్నాను. ఊరు ఊరంతా మైదానంలోకి నడిచింది. నేను కూడా నిచ్చెన దిగి మొదటిసారి ఆ గుంపులోకి వెళ్ళాను. గుంపు వెనక టోపీ కిందికి లాక్కుని రోరీ ఉన్నాడు. నాన్న మాట్లాడుతూ వాణ్ణి చూశాడు.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని గెలవమని అడగలేదు. ఇవాళా అడగను," అన్నాడు పిల్లలతో. "మీరిక్కడ ఉన్నారు. ఇంకేం కావాలి నాకు? వెళ్ళి ఆడండి."

ఓడిపోయాం. మూడే మూడు పాయింట్ల తేడా. ఆఖర్న ఓటిస్ తన్నిన బంతి గుంజకి తగిలింది, ఆ చప్పుడు పైన నాదాకా వినిపించింది. ఆట అయిపోయిందని సైరన్ మోగింది. ఓటిస్ నేల మీద కూర్చుండిపోయాడు. కానీ ఈసారి టవల్ కప్పుకోలేదు. మిగతావాళ్ళు వెళ్ళి వాడి మీద గుట్టగా పడ్డారు. మా వైపు ఒక్క బండి కూడా కదల్లేదు.

*

సాయంత్రం క్లబ్బు వెనక పాత డ్రమ్ములో మంట వేశారు. చుట్టూ అందరూ చేరారు.

"మొత్తానికి సాధించాం," అన్నాడు స్నో. "అటు చూస్తే సున్నా, ఇటు చూసినా సున్నా. ఎంత చక్కటి అంకె!"

"నోర్మూసుకో స్నో," అంది బెవ్. "ఇవాళ నా సాసేజ్ రోల్స్ ఆఖరిదాకా అమ్ముడుపోయాయి. జనం ఆగితేగా అమ్ముడయ్యేది."

"ఏప్రిల్లో రెండు వందలకి పైగా కొట్టినవాళ్ళు, ఇవాళ మూడు పాయింట్లతో బతికి బయటపడ్డారు," అన్నాడు తాత. "అదే జట్టు. అదే మైదానం."

"అదే అట్టపెట్టె," అన్నారెవరో. నవ్వులు.

"నిజం చెప్పనా?" అన్నాడు స్నో, గొంతు తగ్గించి. "కప్పు గెలిచిన ఏడు నేను ప్రతి ఆటకీ కడుపునొప్పితో వచ్చేవాణ్ణి, ఎక్కడ ఓడతామో అని. ఈ ఏడు హాయిగా తిన్నా, హాయిగా పడుకున్నా. ఆ పొడుగు వెధవ వచ్చే ఏడు ఇంకో నాలుగు వేళ్ళు ఎదుగుతాడు. అది చూడకుండా చచ్చే ఉద్దేశం నాకు లేదు." తర్వాత నాన్న వైపు తిరిగి, "గారెత్, వచ్చే ఏడూ నువ్వేగా?" అన్నాడు.

"ఇంకెవరైనా తలెత్తితే చూద్దాం," అన్నాడు నాన్న. అందరూ గబుక్కున బూట్ల వైపు చూసుకున్నారు. ఈసారి ఆటపట్టించడానికి.

రోరీ మంటకి అవతల నిలబడి ఉన్నాడు. నాన్న ఒక కట్టె తీసుకుని, చుట్టూ తిరిగి వెళ్ళి, వాడి పక్క నుంచి మంటలో వేశాడు. అక్కడే ఆగాడు.

"ఆ చెట్టు దగ్గర్నుంచి కొట్టింది," అన్నాడు, మంటలోకి చూస్తూ.

"గాలి కలిసొచ్చింది," అన్నాడు రోరీ.

"లేదు. గాలి ఎదురు. చూశాను నేను."

రోరీ మెడ వెనక ఎర్రబడింది. ఇద్దరిదీ. నాన్న, "రేపు మీ అమ్మ గొర్రె మాంసం వేపుతోంది. పన్నెండుకల్లా రా, ఆలస్యమైతే మీ తాత ఎముకలు కూడా మిగల్చడు," అన్నాడు.

ఆదివారం పొద్దున్న లేచేసరికి బట్టల గుట్ట కుర్చీ మీద లేదు. అమ్మ అంతా ఇస్త్రీ చేసి మడతపెట్టేసింది. ఏప్రిల్ నాటి చొక్కాలు కూడా ఉన్నాయి అందులో.

*

ఫైనల్ గిల్మోర్‌లోనే. వచ్చే ఏడు ఎక్కడ ఆడతావని రోరీని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆ శనివారం మాత్రం అందరం బయల్దేరాం. అమ్మ, బెవ్ కారులో. తాత బండిలో తాత స్టీరింగు దగ్గర, మధ్యలో నేను, కిటికీ వైపు నాన్న.

గేటు దగ్గర ఒక గిల్మోర్ ఆయన తాతని గుర్తుపట్టి నోరారా నవ్వాడు. "వాల్! ఈసారి ఎటువైపు?"

"నీడున్న వైపు," అన్నాడు తాత ముభావంగా.

నీడున్నది గిల్మోర్ బళ్ళ మధ్యనే. అక్కడే ఆపాడు. ఆపి రెండు చేతులూ చంకల్లో బిగించుకున్నాడు. "ముందే చెబుతున్నా. తెలిసి తెలిసి గిల్మోర్‌కి కొట్టను. ఒకసారి సస్పెండ్ అయినవాణ్ణి."

"ఎవరు కొట్టమన్నారు?" అన్నాడు నాన్న.

రెండో క్వార్టర్లో రోరీ బంతి పట్టుకున్నాడు. ముందు ఎడమ సాక్సు, తర్వాత కుడిది. నా పక్కన నాన్న ఊపిరి తీసుకోవడం మానేశాడు. బంతి లేచింది, గుంజల నడిమధ్య నుంచి దూసుకెళ్ళింది. చుట్టూ గిల్మోర్ బళ్ళన్నీ గొంతెత్తి అరిచాయి. మా బండి ఒక్కటే నోరు మూసుకుని ఉంది. తాత ఆకాశంలోకి చూస్తున్నాడు. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇద్దరి మెడలూ ఎర్రగా ఉన్నాయి.

నేను చెయ్యి చాపి హారన్ నొక్కాను.

బొంగురుగా, చుట్టూ ఉన్న గొంతులన్నిటికీ పైన, తప్పిపోయిన దూడ అరిచింది. మైదానం మధ్యలో రోరీ చటుక్కున తల తిప్పి మా కోసం వెతికాడు. తాత గబగబా అద్దం దింపి తల బయట పెట్టాడు.

"పొరపాటు! పొరపాటండీ! చిన్నపిల్ల, చెయ్యి జారింది!"

గిల్మోర్ వాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. రేకుల గది లేదు, కిటికీ లేదు, దాక్కోవడానికి ఏమీ లేదు. నేను చెయ్యి తీసేశాను.

నాన్న ఇంకా బయటికే చూస్తున్నాడు.

"ఎవరు తియ్యమన్నారు నిన్ను?" అన్నాడు.